భిలాయి వేసవిలో ఓవర్‌క్లాకింగ్: ప్రాసెసరు అస్థిరతపై ఒక పరిశీలన

భిలాయి ఉక్కునగరమున విడిభాగములను తామే తెప్పించుకొని, క్యాబినెట్టులో కూర్చి, కంప్యూటరును స్వయముగా నిర్మించుకొన్న యువకులలో కొందరు అంతటితో తృప్తినొందక, ప్రాసెసరునకు తయారీదారు నిర్ణయించిన వేగమును మించి దానిని పరుగెత్తించుటకు, అనగా ఓవర్‌క్లాక్ చేయుటకు, పూనుకొందురు. పుష్యమాఘముల చలిలో ఆ యంత్రము నిరాటంకముగా పనిచేయును. మన పెద్దలు రోళ్లు పగులునని చెప్పుకొను రోహిణి కార్తె, అందు ఇచ్చటి హిందీవారు నౌతపా యని పిలుచు ఆ తొలి తొమ్మిది దినములు, సమీపించునప్పటికి అదే యంత్రము, ఒక్క మరయైనను కదల్పబడకయే, ఆట నడుమ హ్యాంగగుటయు, నీలితెర చూపుటయు, తనంతట తాను రీస్టార్టగుటయు ఆరంభించును. యజమాని విండోసును తిరిగి వేయును, డ్రైవర్లను మార్చును, ర్యామును తీసి తుడిచి పెట్టును, తుదకు విసిగి వోల్టేజిని మరికొంత పెంచును. ఈ అస్థిరత ఎచ్చటినుండి పుట్టునో, దానిని పట్టుకొనుటకు వాడుకలోనికి వచ్చిన మార్గములలో ఏవి నమ్మదగినవో, ఏవి కాలహరణమో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. నా అభిప్రాయమును ముందే చెప్పుట మేలు: స్థిరత్వమును చిప్పునకు మాత్రమే చెందిన గుణముగా తలచినంతకాలము ఈ వెదకులాట గమ్యము చేరదు. అది చిప్పు, విద్యుత్తు, ర్యాము, గదిలోని గాలి, చేయు పని యను ఐదింటి నడుమ కుదిరిన ఒప్పందము. వానిలో ఏ యొకటి మారినను దానిని తిరిగి పరీక్షింపవలసియే యుండును.

ఈ విద్య నేటిది కాదు. 1998 ఆగస్టులో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలెరాన్ 300ఎ యను చవుక ప్రాసెసరు 66 మెగాహెర్ట్జుల బస్సుపై 300 మెగాహెర్ట్జుల వేగమున నడచునట్లు అమ్మబడగా, బస్సును 100కు మార్చినంతనే వానిలో పెక్కు 450ని అందుకొని, అప్పటి అత్యున్నతమైన పెంటియం-2 వేగముతో సరితూగినవి. 2000 ప్రాంతమున ఏ.ఎం.డి. వారి అథ్లాన్, డ్యూరాన్ ప్రాసెసర్లపై తెగియున్న సన్నని వంతెనలను సీసపు పెన్సిలుతో గీసి కలిపి, గుణకమును తెరచిన వారును కలరు. అదే 2000 సంవత్సరమున జరిగిన మరియొక వృత్తాంతము మన ప్రశ్నకు మరింత సన్నిహితము. ఇంటెల్ తానే 1.13 గిగాహెర్ట్జుల పెంటియం-3ను విడుదల చేయగా, థామస్ పాబ్స్ట్, కైల్ బెన్నెట్ యను సమీక్షకులు ఆ ప్రాసెసరుపై లినక్సు కెర్నెలును సంకలనము చేయునప్పుడు పని తెగిపోవుచున్నదని చూపిరి; నెల తిరుగకముందే, ఆగస్టు చివర, సంస్థ దానిని అంగడినుండి వెనుకకు తీసికొనవలసివచ్చినది. ఎన్నో పరీక్షలను దాటిన చిప్పు కొన్ని పనులలో మాత్రము తప్పుట, సర్వసాధనములు గల కర్మాగారము సైతము దానిని ముందుగా కనిపెట్టలేకపోవుట, ఈ రెంటిని ఇంట కూర్చుండి వేగము పెంచువాడు మరువరాదు.

అప్పటికిని ఇప్పటికిని ఒక పెద్ద భేదము కలదు. ఆనాడు తయారీదారు చిప్పులో చాల వెసులుబాటును వదలెడివాడు. నేడు టర్బో బూస్ట్, ప్రెసిషన్ బూస్ట్ వంటి ఏర్పాట్లు వేడిమిని, విద్యుత్తును క్షణక్షణము కొలిచి, ఆ వెసులుబాటులో అధికభాగమును పెట్టెనుండి తీయుటకు ముందే వాడివేయుచున్నవి. యజమానికి మిగులునది ఇరుకైన అంచు. అంచు ఇరుకైనకొలది తప్పటడుగు సులభము.

అస్థిరతకు మూలము కాలము. 5 గిగాహెర్ట్జుల వేగమున నడచు ప్రాసెసరునకు ఒక్కొక్క స్పందమునకు లభించు వ్యవధి 200 పికోసెకన్లు. ఆ వ్యవధిలో వెలుతురు సైతము శూన్యమున 6 సెంటీమీటర్లకు మించి పోజాలదు. ఆ స్వల్పకాలమున ఒక రిజిస్టరునుండి బయలుదేరిన సంకేతము వరుసగా అనేక ట్రాన్సిస్టర్లను దాటి, తరువాతి స్పందమునకు ముందే మరియొక రిజిస్టరు ముంగిట స్థిరపడియుండవలెను. చిప్పులోని మార్గములన్నియు సమానదీర్ఘములు కావు. అన్నిటికంటె దీర్ఘమైన దారిని పోవు సంకేతము ఆలస్యమైననాడు ఆ రిజిస్టరు పాత విలువనే గ్రహించి, దానినే సత్యముగా ముందునకు పంపును. అందుచేతనే ఓవర్‌క్లాక్ చెడినప్పుడు ప్రాసెసరు మొత్తము ఒక్కసారి కూలదు. ఏదో ఒక కోరులో, ఏదో ఒక జాతి ఆదేశము, ఏదో ఒక అంకెల కలయికపై మాత్రమే తప్పును. వోల్టేజి పెంచినయెడల ట్రాన్సిస్టరు చురుకగును, ఆలస్యము తగ్గును. కాని విద్యుద్వ్యయము వేగమును అనుసరించియు, వోల్టేజి వర్గమును అనుసరించియు పెరుగును గనుక, వేగమును 10 శాతము, వోల్టేజిని 10 శాతము పెంచినవాడు వ్యయమును సుమారు 33 శాతము పెంచినవాడగును. ఆ అధికశక్తి యంతయు వేడిమియే. వేడెక్కిన ట్రాన్సిస్టర్లనుండి వృథాగా కారిపోవు విద్యుత్తు హెచ్చి మరికొంత వేడిమిని పుట్టించును. మనము వాడు వోల్టేజీలలో వేడి ట్రాన్సిస్టరు సాధారణముగా మందగించును గనుక, నిన్న చాలిన వోల్టేజి నేడు చాలదు. చాలలేదని మరల పెంచినవానిని ఆ వలయము విడువదు. వోల్టేజి యొక్కటే మందని చెప్పు పక్షము ఇచ్చటనే ఓడుచున్నది.

ఇక లక్షణముల సంగతి. యంత్రము అసలే తెరుచుకొనక పోయినచో అది అన్నిటికంటె చిన్న కష్టము. విద్యుత్తు తీసి, మదర్‌బోర్డుపై నుండు బిళ్లబ్యాటరీని తొలగించియో, సీమాస్ జంపరును కలిపియో బయోసును మొదటిస్థితికి తెచ్చిన సరిపోవును. కష్టమంతయు గంటకొకసారి, దినమునకొకసారి కలుగు పతనములలో నున్నది. ఇట్టివానికి విండోసు తన దినచర్యలో కొంత సాక్ష్యము వ్రాసి యుంచును. దానిని తెరచి చూచువారు అరుదు. ఈవెంట్ వ్యూయరులో సిస్టమ్ విభాగము తెరచినప్పుడు కెర్నెల్-పవర్ 41 అను నమోదు కనిపించిన, యంత్రము సక్రమముగా ఆగక మరల మొదలైనదని మాత్రమే తెలియును. కరెంటు పోయినను, ఎస్.ఎం.పి.ఎస్. ఆగినను, ప్రాసెసరు తప్పినను వచ్చునది అదే. డబ్ల్యు.హెచ్.ఇ.ఏ. లాగరు పేర వచ్చు 18, 19 సంఖ్యల నమోదులు విలువైనవి. 19 అనునది హార్డ్‌వేరు తప్పిదము జరిగి సరిదిద్దబడినదని, 18 అనునది సరిదిద్దుటకు వీలుకాని తప్పిదము జరిగినదని తెలుపును. వానిలో ఏపిక్ ఐడీ యను ఒక అంకె యుండును. అది ఏ కోరు తప్పినదో సూచించును. పలుమారులు పడిపోయిన యంత్రమున ప్రతి నమోదులోను అదే అంకె కనిపించిన, దోషము ర్యాములో కాక ఆ కోరులో నున్నదని అనుమానించుట న్యాయము. నీలితెరపై క్లాక్ వాచ్‌డాగ్ టైమవుట్ యని వచ్చిన, ఒక కోరు నిర్ణీత వ్యవధిలో బదులు పలుకలేదని యర్థము. ఓవర్‌క్లాక్ చేసిన యంత్రమున అది తరచుగా వోల్టేజి కొరతను సూచించును. మెమరీ మేనేజ్‌మెంట్ యని వచ్చినచో ర్యాము వంకకు తిరుగవలెను. అయినను ప్రాసెసరులోని క్యాషె తప్పినప్పుడును అదే సందేశము రావచ్చును గనుక, ఈ పేర్లను తీర్పులుగా కాక వాంగ్మూలములుగా గ్రహించుట మంచిది.

ఈ సందర్భమున మైక్రోసాఫ్టు ఇంజనీరు రేమండ్ చెన్ 2005లో వ్రాసిన ఉదంతము చెప్పదగినది. విండోసు పతనమైనప్పుడు వినియోగదారుల కంప్యూటర్లనుండి వచ్చు నివేదికలను పరిశీలించుచున్న అతని సహోద్యోగి కొన్నింటిలో అసంభవమైన తప్పిదములను చూచెను. ఒక రిజిస్టరును దానితోనే ఎక్సార్ చేసి సున్నా చేయు ఆదేశమువద్ద ప్రోగ్రాము కూలినట్లు వానిలో ఒకటి చెప్పుచుండెను. ఆ ఆదేశము మెమరీని ముట్టదు, దేనిని భాగింపదు, తప్పుటకు అందులో తావే లేదు. ఆ వినియోగదారులను విచారింపగా కొందరు ఓవర్‌క్లాక్ చేసితిమని ఒప్పుకొనిరి. తక్కినవారు ఆ మాటనే వినలేదు. వారి యంత్రములను పరీక్షింపగా, అమ్మిన చిన్న దుకాణములే వారికి చెప్పక వేగమును పెంచి యిచ్చినట్లు తేలినది. భిలాయిలోని సుపేలాలోనైనను, రాయపూరులోనైనను, ఎవరో కూర్చి యిచ్చిన పాత యంత్రమును కొన్నవాడు తొలుత బయోసు తెరచి వేగము, వోల్టేజి ఏ స్థితిలో నున్నవో చూచుట ఈ కారణముచేతనే అవసరము.

పరీక్షల విషయమున అభిప్రాయభేదములు తీవ్రములు. రాత్రియెల్ల, కొందరైతే 24 గంటలు, ప్రైమ్95ను నడిపి తప్పు రాకున్న స్థిరమని తీర్మానించువారు ఒక పక్షము. నేనాడు ఆట ఆడినంతసేపు పడకున్న చాలును, మిగిలినది చాదస్తమనువారు మరియొక పక్షము. ప్రైమ్95 అసలు మెర్సెన్ ప్రధానసంఖ్యలను వెదకుటకై 1996లో జార్జ్ వోల్ట్‌మన్ ప్రారంభించిన మహాయత్నమునకు చెందిన ప్రోగ్రాము. అందు పరీక్షకై ముందే జవాబు తెలిసిన గణనలను చేయించి, వచ్చిన ఫలితమును సరిపోల్తురు గనుక, యంత్రము పడిపోకుండగనే చేసిన తప్పు సైతము బయటపడును. గుండ్రింపులో వచ్చిన దోషము 0.5, ఉండదగినది 0.4కు లోపల, అని ఒక్క పంక్తి వ్రాసి ఆ కోరుపై పని నిలిపివేయును. తక్కిన కోర్లు ఏమియు ఎరుగనట్లు పని సాగించుచుండును. ఈ పంక్తి కనిపించినప్పుడు యంత్రము హాయిగా నడచుచునే యుండుట చూచి, దీనిని లెక్కచేయనక్కరలేదని తలచువారిని నేనెరుగుదును. అది పొరపాటు, ఆ క్షణముననే యంత్రము ఒక లెక్కను తప్పు చేసినది. మన భిలాయి రైలుపట్టా మిల్లులో పట్టా నునుపుగా, తిన్నగా కనిపించినంతమాత్రమున పంపివేయక, అల్ట్రాసోనిక్ తరంగములతో లోపలి పగుళ్లను వెదకుదురు. లెక్కను సరిచూచు పరీక్ష అట్టిది, ఆట ఆడి చూచుట పైనునుపును చూచుట వంటిది.

అయినను ప్రైమ్95 పక్షము సంపూర్ణసత్యమును పలుకుటలేదు. అందలి చిన్న ఎఫ్.ఎఫ్.టి. పరీక్ష ప్రాసెసరును అత్యధికముగా వేడెక్కించును గాని ర్యామును దాదాపు ముట్టదు. బ్లెండు పరీక్ష ర్యామును కదల్చును గాని అంతగా వేడెక్కింపదు. ఇంతకంటె ముఖ్యమైన లోపము వేరొకటి. నేటి ప్రాసెసరు కోర్లన్నిటిపై భారము పడినప్పుడు వేగమును తానే తగ్గించుకొని, ఒక్క కోరుపై స్వల్పభారము పడినప్పుడు అత్యున్నతవేగమును అందుకొనును. 2020 చివర ఏ.ఎం.డి. వారి జెన్-3 ప్రాసెసర్లతో వచ్చిన కర్వ్ ఆప్టిమైజరు అను ఏర్పాటుతో ఒక్కొక్క కోరుకు వోల్టేజిని తగ్గించినవారి యంత్రములు రాత్రియెల్ల పూర్ణభారమును ఓర్చి, మరునాడు ఊరక వెబ్ పేజీ చూచుచుండగా కూలుట ఇందుచేతనే. అట్టివానికి కోర్‌సైక్లరు వంటి సాధనముతో ఒక్కొక్క కోరును విడివిడిగా పరీక్షించుట తప్ప గత్యంతరము లేదు. ఇటు భారీ గణనలకు వాడు ఏ.వి.ఎక్స్. ఆదేశములు వేరు, అవి ఒకేసారి ఎక్కువ ట్రాన్సిస్టర్లను కదల్చి, ఇతర పనులలో స్థిరముగానున్న యంత్రమును పడగొట్టగలవు. కావున ఏ ఒక్క పరీక్షయు చాలదు; భిన్నస్వభావములు గల రెండు మూడు పరీక్షలు, అందొకటి యజమాని నిత్యము చేయు పని, ఇవి దాటిన పిమ్మటనే నమ్మకము.

ర్యామును గూర్చి క్లుప్తముగా చెప్పుదును. ఎక్స్.ఎం.పి., ఎక్స్‌పో అను పేర్లతో బయోసులో ఒక్క మీటతో తెరచు ర్యాము వేగము కూడ ఓవర్‌క్లాకే, డి.డి.ఆర్.4లో 3600 వేగమునకు వోల్టేజిని 1.2నుండి 1.35కు పెంచుట అందులో సామాన్యము, దానితోపాటు ప్రాసెసరులోపలి మెమరీ కంట్రోలరుపై భారము పడును. ప్రాసెసరును, ర్యామును ఒకేదినమున పెంచినవాడు ఏది తప్పుచున్నదో ఎన్నటికిని కనుగొనజాలడు. ముందు ఎక్స్.ఎం.పి.ని మూసి ప్రాసెసరును పరీక్షించి, పిదప ప్రాసెసరును మామూలు వేగమునకు తెచ్చి ర్యామును మెమ్‌టెస్ట్86తో పరీక్షించి, ఆ తరువాతనే రెంటిని కలుపవలెను.

విద్యుత్తు విషయమున అపోహలు మెండు. గోడ సాకెట్టులో వోల్టేజి హెచ్చుతగ్గులు ప్రాసెసరు ఓవర్‌క్లాకును చెడగొట్టునని పలువురి విశ్వాసము. మంచి ఎస్.ఎం.పి.ఎస్. 230 వోల్టుల సరఫరా ఎంతో తగ్గినను తన 12 వోల్టుల ఉత్పత్తిని 11.4కు, 12.6కు నడుమ నిలుపుకొనుటకే నిర్మింపబడినది. అట్లు నిలుపలేనిది చవుకరకపుదై యుండును, లేదా ముదిసియుండును. నిజముగా బాధించునది క్షణకాలపు విచ్ఛేదము. సరఫరా తెగినప్పుడు ఎస్.ఎం.పి.ఎస్. తన కెపాసిటర్లలో నిలువయున్న శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లు మాత్రమే యంత్రమును నిలుపగలదు; అనగా మన 50 హెర్ట్జుల కరెంటు ఒక్క ఆవర్తమైనను పూర్తికాదు. పాత యూపీఎస్ అంతలోగా మారనిచో యంత్రము రీస్టార్టగును, దోషము ఓవర్‌క్లాకుపై పడును. పూర్ణభారముపై గాక, వంటింట మిక్సీ వేసినప్పుడో, గది కూలరు మోటారు మొదలైనప్పుడో పడిపోవు యంత్రమును ఈ దృష్టితో చూడవలెను.

ప్రాసెసరునకు దగ్గరలో జరుగునది ఇంతకంటె సూక్ష్మము. బయోసులో 1.30 వోల్టులు నిర్ణయించినంతమాత్రమున భారము పడినప్పుడు చిప్పునకు 1.30 అందదు; ప్రవాహము హెచ్చినకొలది అది కుంగి 1.22కో 1.20కో దిగును. ఈ కుంగుటను తగ్గించు ఏర్పాటును లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ అందురు. దానిని అత్యున్నతస్థాయికి పెంచినయెడల కుంగుట మాయమగును గాని, భారము హఠాత్తుగా దిగినప్పుడు వోల్టేజి నిర్ణీతమును దాటి ఎగయును. ఆ ఎగయుట సాధారణ సాఫ్ట్‌వేరు చూపు అంకెలలో కనిపింపనంత క్షణికము, అయినను చిప్పు ఆయువును హరించును. నడిమి స్థాయిని మించరాదని నా దృఢాభిప్రాయము. ఇంకొక మాట: చవుక మదర్‌బోర్డులలో వోల్టేజి నియంత్రించు వి.ఆర్.ఎం. భాగములపై అల్యూమినియపు కవచము తరచుగా ఉండదు. కొద్దిసేపటి పరీక్షలో చల్లగా నిలిచి, దీర్ఘమైన ఆటలో అవి కాగి, ప్రాసెసరు ఉష్ణోగ్రత సవ్యముగా నుండగనే వేగము పడిపోవుటకో, యంత్రము ఆగుటకో కారణమగును. ప్రాసెసరు అంకెను మాత్రమే చూచువానికి ఇది అంతుపట్టదు.

వేడిమికి వచ్చితిమి, భిలాయిలో ఈ ప్రశ్నకు హృదయము ఇదియే. 1955లో సోవియట్ రష్యాతో కుదిరిన ఒప్పందముతో మొదలై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన ఈ ఉక్కు కర్మాగారమునకు శ్రీకాకుళ, విశాఖ మండలములనుండి ఉద్యోగార్థమై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు సముద్రపుగాలిని మరచిపోయినవి. ఇచ్చట మే నెలలో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటుట సాధారణము. జనవరి రాత్రులు అందులో మూడవవంతునకు సమీపించును. ప్రాసెసరుపై నుంచు కూలరు గాలిని చల్లబరుపజాలదు. అది చిప్పునుండి గాలిలోనికి వేడిమిని మార్చునంతే. కావున గదిలో ఒక్క డిగ్రీ పెరిగిన చిప్పులో కనీసము ఒక్క డిగ్రీ పెరుగును. ఒక కూలరు 150 వాట్ల భారమున లోపలి గాలికంటె చిప్పును 50 డిగ్రీలు ఎక్కువ వేడిలో నుంచునని, క్యాబినెట్టు లోపల గదికంటె 5 డిగ్రీలు అధికమని అనుకొందము. జనవరిలో గది 22 డిగ్రీలైన చిప్పు 77 వద్ద నిలుచును. మే నెల మధ్యాహ్నము గది 38 అయిన అది 93కు చేరును. వృథాగా కారిపోవు విద్యుత్తు మూలమున వాట్లు హెచ్చుటను కలిపిన మరి మూడు నాలుగు డిగ్రీలు తోడగును. ఇంటెల్ ప్రాసెసర్లు పెక్కింటికి 100, ఏ.ఎం.డి. రైజెన్ 5000 తరగతిలో పెక్కింటికి 90 హద్దు. హద్దు తాకినప్పుడు చిప్పు వేగమును తానే తగ్గించుకొని ప్రాణము కాచుకొనును, అది పతనము కాదు. కాని 77 డిగ్రీలవద్ద చాలిన వోల్టేజి 93 వద్ద చాలకపోవుటచేత, హద్దు తాకకముందే లెక్క తప్పును. ఉష్ణోగ్రత హద్దులోపలనే యున్నది గనుక వేడిమి కారణము కాదని వాదించువారు గమనింపనిది ఈ సంగతినే.

కావున జనవరిలో చేసిన పరీక్షకు ఇచ్చట విలువ సగమే. మే నెల అపరాహ్ణమున, గది కూలరు ఆపి, క్యాబినెట్టు పలకలు మూసి, నిత్యము వాడు స్థలముననే పరీక్షింపవలెను. చలికాలమున పరీక్షించినవాడు కనీసము 20 డిగ్రీల తేడాకు సరిపడు వేగమును తగ్గించి యుంచుకొనవలెను. గది కూలరును నమ్ముకొనుట కూడదు. నీటిని ఆవిరిచేసి చల్లబరుచు ఆ యంత్రము పొడిగాలి వీచు మే నెలలో చక్కగా పనిచేయును. జూన్ నెలలో ఋతుపవనము చేరి గాలి తేమగిల్లినంతనే దాని శక్తి పోవును. దానికి ఎదురుగా క్యాబినెట్టు నుంచువారు తడిగాలిని, దానితో ధూళిని లోనికి పంపువారగుదురు. కర్మాగారమునకు చేరువనున్న సెక్టార్లలో కిటికీ అంచుపై తేలు ఎర్రని ధూళియే ప్రాసెసరు కూలరు రెక్కలసందులలోను పేరుకొనును. బ్రష్షుతో పైపైన తుడుచుట చాలదు. ఫ్యాను విప్పి, రెక్కల మొదటివరకు బ్లోయరుతో ఊది చూచిన, ఫ్యానుకును రెక్కలకును నడుమ దుప్పటివలె పేరిన పొర కనిపించును. ఎండిన థర్మల్ పేస్టును మార్చి, ఈ పొరను తీసినంతమాత్రముననే ఓవర్‌క్లాకు స్థిరపడిన సందర్భములు కలవు. వోల్టేజిని ముట్టుటకు ముందు ఈ పని చేయుట యుక్తము.

కారణమును వేరుచేయు క్రమమును గూర్చి నాకు సందేహము లేదు. మొదట సమస్తమును మామూలు స్థితికి తెచ్చి, అందు యంత్రము నిలుచునో లేదో చూడవలెను. చాలమంది దాటివేయు మెట్టు ఇదియే, తక్కినదంతయు దీనిపై ఆధారపడియున్నది. మామూలు వేగమునను పడిపోవు యంత్రమునకు ఓవర్‌క్లాకు చికిత్స వ్యర్థము. అది నిలిచిన పిదప ఒక్కొక్క మార్పు చొప్పున, ప్రతి మార్పును, నాటి గది ఉష్ణోగ్రతను కాగితముపై వ్రాసికొనుచు ముందునకు పోవలెను. తప్పు వచ్చినచోట వోల్టేజిని పెంచుటకు మారుగా వేగమును ఒక మెట్టు, అనగా 100 మెగాహెర్ట్జులు, తగ్గించి చూచిన, పెక్కుసార్లు ఆ నష్టము వాడుకలో తెలియనే తెలియదు. భిలాయివంటి ఊర వేగమును ముట్టక వోల్టేజిని మాత్రము కొద్దిగా తగ్గించుట ఓవర్‌క్లాకింగుకంటె లాభకరమని నాకు తోచును. బూస్టు హద్దులు వేడిమితో ముడిపడియున్న నేటి ప్రాసెసర్లు చల్లబడినకొలది తమంతట తామే వేగము హెచ్చించుకొనును. అయితే వోల్టేజి తగ్గించుటయు అస్థిరతకు దారియే గనుక, పైన చెప్పిన పరీక్షలన్నియు దానికిని వర్తించును.

యజమాని ఏమియు చేయకయే అస్థిరత కలిగిన మహోదాహరణము ఇటీవలిది. ఇంటెల్ 13వ, 14వ తరముల పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసర్లపై అన్‌రియల్ ఇంజిన్ ఆటలు ఆడువారికి వీడియో మెమరీ చాలలేదను సందేశముతో ఆట ఆగుచుండెడిది. గ్రాఫిక్స్ కార్డులో మెమరీ పుష్కలముగా నున్నను అదే సందేశము. షేడర్లను విప్పు లెక్కలో ప్రాసెసరు తప్పుచున్నదని పిమ్మట తెలిసినది. తొలుత మదర్‌బోర్డు తయారీదారులు విద్యుత్ హద్దులను సడలించి యుంచుటను వేలెత్తి చూపిరి. 2024 జూలైలో ఇంటెల్, తన మైక్రోకోడే అవసరమునకు మించిన వోల్టేజిని కోరుచున్నదని ఒప్పుకొని, ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి యను సవరణలను విడుదల చేసినది. అధిక వోల్టేజి, వేడిమి కలిసి కోరులోని క్లాకు వలయమును ముదిమిపాలు చేసి, దానికి కావలసిన కనీస వోల్టేజినే పైకి జరుపుచున్నవని వివరించినది. వారంటీని రెండు సంవత్సరములు పొడిగించినది. అయితే ఈ సవరణలు రాబోవు హానిని ఆపునే గాని, జరిగిన హానిని మాన్పజాలవని సంస్థయే తెలిపినది. ఈ తరముల ప్రాసెసరు గలవాడు బయోసును సరిక్రొత్తదిగా మార్చిన పిదపను మామూలు వేగమున తప్పులు వచ్చుచుండిన, మరి వెదకక మార్పిడి కోరవలెను. నాకు ఇందు ముఖ్యముగా తోచునది వేరు: నిన్న స్థిరమైనది నేడు అస్థిరమగుటకు చిప్పు వార్ధక్యము కూడ కారణమని ఇది లోకమునకెల్ల చూపినది. సంవత్సరమున్నర క్రితము సరిగా నడచిన ఓవర్‌క్లాకును అదే అంకెలతో నేడు సమర్థించుకొనుట కుదరదు.

చివరి విషయము అన్నిటికంటె గంభీరమైనది, అన్నిటికంటె తక్కువగా చర్చింపబడునది. పడిపోవు యంత్రము తన రోగమును తానే చాటుకొనును. పడిపోక తప్పు లెక్క చేయు యంత్రము చాటదు. 2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు ప్రకటించిన పత్రములో ఒక లోపభూయిష్టమైన కోరు 1.1ను 53 సార్లు హెచ్చవేసి పూర్ణాంకముగా మార్చునప్పుడు 156కు బదులు సున్నా ఇచ్చుచుండెనని, దాని మూలమున కొన్ని దస్త్రములు కనపడక పోయినవని వివరించిరి. తక్కిన లెక్కలలో కొన్నింటిని ఆ కోరు సరిగానే చేయుచుండెను. అది ఓవర్‌క్లాకు ఫలితము కాదు గాని, అంచున నడచు ఇంటి ప్రాసెసరు చేయు తప్పు ఇట్టిదే యగుటకు అవకాశము కలదు. ఆట ఆడువానికి దానివలన తెరపై ఒక చుక్క రంగు మారును. కాని అదే యంత్రముపై పెళ్లి ఫోటోలను కుదించి దాచువారు, ఇంజనీరింగు ప్రాజెక్టు లెక్కలు చేయు విద్యార్థులు, ఇంటి ఖాతాలు వ్రాయు పెద్దలు ఉందురు.

కావున వేగము తగ్గించి, దుమ్ము దులిపి, పరీక్షలన్నిటిలో యంత్రము గెలిచిననాటితో పని ముగియలేదు. ఈవెంట్ వ్యూయరులో తొలి తప్పిదము నమోదైన తేదీనుండి వేగము సరిచేసిన తేదీవరకు ఆ యంత్రము వ్రాసిన ఫైళ్లను విడిగా తీసి చూడవలెను. ఆ కాలమున చేసిన జిప్ మూటలను తెరచి పరీక్షింపవలెను. మొబైలునుండి దించుకొన్న ఫోటోలు ఇంకను మొబైలులో నుండగనే రెండు ప్రతులకును చెక్‌సమ్ లెక్కించి పోల్చవలెను. అప్పుడు తీసిన బ్యాకప్పును మూలముతో సరిచూచి, తేడా యున్నదానిని తిరిగి తీయవలెను. అంతవరకు అంతకుముందటి పాత బ్యాకప్పును చెరిపివేయరాదు.